మున్సిపాలిటీ సైట్లో నోటీసులన్నీ ఫొటోలే, చూపు లేనోళ్ళం చదివేదెలా?

చెవులే_కళ్ళు
మా ఊరి పేరు చెప్పను, కాలవ పక్కన ఊరు అనుకోండి. ఇంటి పన్ను సవరణ నోటీసు మున్సిపాలిటీ వెబ్‌సైట్లో పెట్టారని పక్కింటాయన చెప్తే చూద్దామని కూర్చున్నా. నాకు పుట్టినప్పట్నుంచీ చూపు లేదు, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ, ఫోన్లో టాక్‌బ్యాక్ వాడతా, రెండూ తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్లే, బ్యాంకులో నా పనంతా వాటితోనే చేస్తా. సైటు తెరవగానే "గ్రాఫిక్, గ్రాఫిక్, లింక్, లింక్, బటన్" అనుకుంటూ పోయింది, ఏ బటనో దేనికో చెప్పదు. ఎలాగో నోటీసుల పేజీ పట్టుకుని పీడీఎఫ్ తెరిస్తే లోపల ఏమీ లేదంది. అభ్యంతరాలు చెప్పుకునే ఫారం ఉంది గానీ పెట్టెలకి పేర్లు లేవు, ఒకటే "ఎడిట్ బ్లాంక్, ఎడిట్ బ్లాంక్". చివర్లో వంకర అక్షరాల బొమ్మ చూసి కొట్టమంటుంది, వినే దారి లేదు. ఆఖరికి నెట్ సెంటర్ కుర్రాడికి ఆధార్ నంబరూ ఓటీపీ చెప్పి చేయించుకున్నా. రోజూ కౌంటర్లో కూర్చుని ఓటీపీ ఎవరికీ చెప్పకండమ్మా అని జనానికి చెప్పేది నేనే. ఎవరిని అడగాలి, ఏమని అడగాలి, తెలిసినోళ్ళు చెప్పండి.

ఆయ్_బాబాయ్
ఉభయగోదావరుల్లో కాలవ పక్కన లేని ఊరేదండీ బాబూ, భలే దాచారు పేరు.

ముందు_రోడ్డెయ్యండి
ఏమీ అనుకోకండి గానీ ఆ సైటు చూసేదెవరండీ అసలు. మా వీధిలో వానొస్తే డ్రైనేజీ ఏదో రోడ్డేదో తెలీదు. ముందు గోతులు పూడ్చమనండి, వెబ్‌సైటు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నాలుగుచక్రాలు
ఆ గోతుల వల్లేనండి నాకు వెబ్‌సైటు కావాల్సింది. వీల్‌చైర్ మీద ఆ రోడ్డంతా పడి వెళ్తే రెవెన్యూ సెక్షను మేడ మీద, లిఫ్టు లేదు. నేను కింద సైకిల్ స్టాండు దగ్గర కూర్చుంటే మా ఆవిడ మెట్లెక్కి నా తరఫున మాట్లాడొస్తుంది. ఎవరు చూస్తారు అన్నారుగా, 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్ళు 2.68 కోట్లు, అంటే వందకి 2.21. లక్ష మంది ఉన్న ఊళ్ళో రెండు వేల పైచిలుకు. 2016లో వచ్చిన చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది కాబట్టి ఇప్పుడు లెక్కేస్తే ఇంకా తేలతారు.

ముందు_రోడ్డెయ్యండి
మేడ మీద ఆఫీసు అన్యాయమే, కాదన్ను. కానీ వీళ్ళు రెండు పనులు ఒకేసారి చెయ్యగా నేను చూళ్ళేదు.

కోడుకూర
నేను సైట్లు కట్టే పనిలోనే ఉన్నా, మాది మండపేట దగ్గర. చెవులే_కళ్ళు గారు చెప్పినదాంట్లో రెండు వేరువేరు గొడవలున్నాయి, కలిపి ఫిర్యాదు చేస్తే ఒకళ్ళ మీదకి ఒకళ్ళు తోసేసుకుంటారు. బటన్లకి పేర్లు లేకపోవడం, ఫారం పెట్టెలకి లేబుళ్ళు లేకపోవడం, ఆ వంకర అక్షరాల క్యాప్చా, ఇవి సైటు కట్టినోళ్ళు సరిచెయ్యాల్సినవి. చిన్న ఊళ్ళ సైట్లకి మూస చాలాసార్లు పైనుంచే వస్తుంది, అలాంటిదైతే మీ కమిషనరు గారు కావాలనుకున్నా రేపు పొద్దున్నకి మార్చలేరు. నోటీసుని ఫొటోగా ఎక్కించడం మాత్రం అచ్చంగా మీ ఆఫీసులో జరిగే పని, దాన్ని ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంకోటి, ప్రతి పేజీ కోడ్‌లో మొదట్లోనే ఇది ఏ భాషో చెప్పే చోటు ఒకటుంటుంది. తెలుగు పేజీకి కూడా అక్కడ ఇంగ్లీషు అనే వదిలేస్తారు, దాంతో స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతేసుకుని తెలుగు చదవబోతుంది. రెండక్షరాల మార్పు అది, ఎవరూ చెయ్యరు. ఎవరైనా తమ ఊరి సైటు పరీక్ష చెయ్యాలంటే మౌస్ పక్కన పెట్టేసి ట్యాబ్ కీ ఒక్కటే నొక్కుకుంటూ పోండి. ఎక్కడున్నామో గీతో గడో కనబడాలి, మధ్యలో ఇరుక్కోకూడదు, ఎంటర్ కొడితే పనవ్వాలి. ఈమాత్రానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు.

చెవులే_కళ్ళు
భాష సంగతి భలే చెప్పారు. ఎన్‌వీడీఏతో పాటు ఉచితంగా వచ్చే ఈస్పీక్ అనే గొంతులో తెలుగు వింటే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటుంది, అయినా అలవాటు పడిపోయా, స్పీడు పెంచుకుని వింటా. ఇంగ్లీషు గొంతుకి మారిపోతే ఆ భాగ్యం కూడా ఉండదు. మా సైటు మొదటి పేజీలో ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయంట, వాటికి వివరం రాయలేదు కాబట్టి ఫైలు పేరు చదువుతుంది, "ఐఎంజీ అండర్‌స్కోర్ రెండు సున్నా రెండు నాలుగు" అంటూ. ఏ ప్రారంభోత్సవమో, ఎవరు చేశారో ఇప్పటికీ నాకు తెలీదు.

ఆయ్_బాబాయ్
తెలిసినా తేడా ఏం లేదులెండి, రిబ్బను కత్తిరించేది ఎప్పుడూ ఆయనేగా.

ప్లీడరు_గారబ్బాయి
ఎవరిని అడగాలి అన్నారు కాబట్టి చట్టం వైపు నుంచి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 42వ సెక్షను ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. 46వ సెక్షను ప్రకారం సేవలిచ్చేవాళ్ళు, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, రూల్స్ వచ్చిన రెండేళ్ళలోగా సర్దుకోవాలి. రూల్స్ 2017 జూన్లో వచ్చాయి, అంటే గడువు 2019లోనే పోయింది. ఆ రూల్స్‌లో 15వది ప్రభుత్వ వెబ్‌సైట్లు జీఐజీడబ్ల్యూ అనే మార్గదర్శకాల ప్రకారం ఉండాలంది, అవి 2009 నుంచీ ఉన్నవే, 2023లో వచ్చిన మూడో కూర్పు డబ్ల్యూసీఏజీ 2.1 అనే అంతర్జాతీయ వెబ్ ప్రమాణాల్లో డబుల్ ఏ స్థాయి అడుగుతుంది. అయితే సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న ఏమందంటే, ఈ 15వ రూలు మొదటి భాగం పాటిస్తే పాటించండి అన్నట్టుంది, చట్టం అడిగింది తప్పనిసరి ప్రమాణాలు కదా అని దాన్ని చెల్లదని చెప్పి కేంద్రానికి మూడు నెలలు టైమిచ్చింది. తర్వాత 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసు, అది బ్యాంకుల కేవైసీ గురించి మొదలైంది, అందులో డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనంది. మీరు రాష్ట్ర వికలాంగుల కమిషనరుకి రాయొచ్చు. ఆయన సిఫార్సు చేస్తే మున్సిపాలిటీ మూడు నెలల్లో ఏం చేసిందో చెప్పాలి, చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదో కమిషనరుకీ మీకూ రాసివ్వాలి. 89వ సెక్షను కింద మొదటిసారి ఉల్లంఘనకి 10 వేల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా.

అమ్మలు_తణుకు
ప్లీడరు గారూ మధ్యలో పేరా కొట్టండి బాబూ, చదివేసరికి ఆయాసం వచ్చింది. మా అమ్మకి గ్లకోమా, పూర్తిగా చూపు పోలేదు, అక్షరం పెద్దగా నల్లగా ఉంటే చదువుకుంటుంది. మా ఊరి సైట్లో తెల్ల కాగితం మీద బూడిద రంగు అక్షరాలు. వేళ్ళతో పెద్దది చేస్తే లైను కుడి పక్కకి పారిపోతుంది, తిరిగి మొదటికొచ్చేసరికి ఏ లైను చదువుతుందో మర్చిపోతుంది. కుళాయి నీళ్ళు ఏ పూట వదుల్తారో చూసుకోడానికి ఇన్ని పాట్లా. ఇలాంటి వాళ్ళని ఎవరూ వికలాంగుల లెక్కలో వెయ్యరు, పెద్దాళ్ళు అంతేలే అంటారు.

కోడుకూర
అక్కా దానికి లెక్కుంది. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలి, ప్లీడరు గారు చెప్పిన డబుల్ ఏలో అది కూడా ఉంది. పెద్దది చేస్తే లైను తెర వెడల్పులోనే మడత పడాలనేదీ ఉంది. రంగుల తేడా కొలిచే పనిముట్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

కాంట్రాక్టరు_బావమరిది
ఇంత గొడవెందుకు. సైటు పక్కన వీల్‌చైర్ బొమ్మతో ఒక బటన్ పెడతారు చూడండి, నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు తిరగబడతాయి, చదివి కూడా వినిపిస్తుంది. ఒక్క లైను కోడ్, ఏడాదికింత అని కడితే చాలు, మొత్తం చట్టం ప్రకారం అయిపోతుందని కంపెనీ వాళ్ళే రాసిస్తారు. మున్సిపాలిటీకి అది పెట్టించమని అర్జీ ఇవ్వండి.

కోడుకూర
అన్నా వద్దు. లేబులు లేని పెట్టెకి ఆ బటను లేబులు పుట్టించలేదు, ఫొటో నోటీసుని అక్షరాలు చెయ్యలేదు. అమెరికాలో ఇలాగే మా బటన్ పెడితే ఏ సైటైనా ప్రమాణాలకి సరిపోతుందని అమ్ముకున్న యాక్సెసిబీ అనే కంపెనీ చేత అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో పది లక్షల డాలర్లు కట్టించింది.

చెవులే_కళ్ళు
నా అనుభవం కూడా అదే. నా దగ్గర చదివే గొంతు ఇప్పటికే ఉంది, దాని మీద ఇంకో గొంతు మొదలై రెండూ కలిసి వాగుతుంటే ముందు ఆ బటన్ని ఎలా నోరు మూయించాలో వెతుక్కోవాలి. దయచేసి డబ్బులు దానికి తగలెయ్యకండి.

వార్డు_ఉద్యోగిని
నేను ఇలాంటి ఆఫీసులోనే చేస్తా, ఏ ఊరో అడక్కండి. అందరూ మమ్మల్నే అంటున్నారు కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తా. సెక్షన్లో ఆపరేటరు నోటీసు టైపు చేస్తాడు, ప్రింటు తీస్తాడు, అది సూపరింటెండెంటు గారి బల్ల, మేనేజరు గారి బల్ల, కమిషనరు గారి బల్ల దాటి సంతకం స్టాంపూ పడి వస్తుంది. అప్పుడు ఆ కాగితాన్ని స్కాన్ చేసి సైట్లో పెట్టమని మాకిస్తారు. స్కానర్ పని చెయ్యకపోతే ఫోన్లో ఫొటో. మా చేతికొచ్చేది కాగితమే, టైపు చేసిన ఫైలు ఆపరేటరు కంప్యూటర్లో ఉండిపోతుంది. సంతకం లేనిది పెడితే రేపు ఎవరైనా కోర్టుకెళ్తే ఇది ఎవరు జారీ చేశారని మా మెడకి చుట్టుకుంటుంది. పైగా పింఛన్ల పంపిణీ, సర్వేలు, ఎన్నికల డ్యూటీ అన్నీ మేమే, మళ్ళీ కూర్చుని రెండు పేజీల పట్టిక టైపు చెయ్యమంటే ఎవరు చేస్తారు చెప్పండి.

ప్లీడరు_గారబ్బాయి
సంతకం ఉన్న స్కాన్ తీసెయ్యమని ఎవరూ అనట్లేదండి. అది అలాగే ఉంచి, పక్కన అదే విషయం అక్షరాల్లో పెడితే చాలు. కోర్టుకి స్కాన్ చూపించుకోండి.

నాలుగుచక్రాలు
మళ్ళీ టైపు చెయ్యడం ఎందుకు మేడమ్, ఆపరేటరు దగ్గర ఫైలు ఉందని మీరే అన్నారుగా. కాగితంతో పాటు ఆ ఫైలు కూడా పంపమనండి, పెన్‌డ్రైవ్‌లోనో వాట్సాప్‌లోనో.

వార్డు_ఉద్యోగిని
పంపించాడే అనుకోండి, మావాళ్ళు ఇంకా అనూ ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కొడతారు. ఒకసారి అందులోంచి కాపీ చేసి సైట్లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసి పిచ్చి గీతల్లా వచ్చాయి, కమిషనరు గారు హ్యాక్ చేశారేమో అన్నారు.

ఆయ్_బాబాయ్
హ్యాకర్లు మన సైట్ చూసి జాలిపడి వెళ్ళిపోతారండీ, ఏం భయం లేదు.

కోడుకూర
ఇదండీ అసలు ముడి. పాత అనూ ఫాంట్లలో కంప్యూటరు దాచుకునేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, వాటి మీద తెలుగు ఆకారం తొడుగుతారు. కంటికి తెలుగే, స్క్రీన్ రీడర్‌కి మాత్రం ఆ సంకేతాలే వినబడతాయి, గూగుల్లో వెతికినా దొరకదు. అందుకని స్కాన్ కాకుండా పీడీఎఫ్ నేరుగా తీసినా అనూ అయితే చెవులే_కళ్ళు గారికి ఉపయోగం లేదు. తెలుగు అక్షరాన్ని తెలుగుగానే దాచుకునే యూనికోడ్‌లో కొట్టాలి. ఫాంటు కొనక్కర్లేదు, విండోస్‌లోనే గౌతమి అని ఉంది, మన గోదారి పాయ పేరే పెట్టుకుని కూర్చుంది పాపం, ఎవరూ పట్టించుకోరు. అందంగా కావాలంటే మండలి, రామభద్ర, సూరన్న, మల్లన్న అని ఉచితంగా దొరుకుతాయి. పాత ఫైళ్ళకి అనూ నుంచి యూనికోడ్‌కి మార్చేవి ఉన్నాయి, వత్తుల దగ్గర ఒకసారి కంటితో చూసుకోవాలంతే. ఆపరేటర్లకి అనూ కీబోర్డు చేతులకి అలవాటు కాబట్టి అదే వరసలో యూనికోడ్ పడే కీబోర్డు పెట్టిస్తే కొత్తగా నేర్చుకునే బాధ కూడా ఉండదు.

ముందు_రోడ్డెయ్యండి
ఫోన్లో గూగుల్ లెన్స్ పెడితే ఫొటోలో తెలుగు చదివేస్తుందిగా. మా అబ్బాయి చూపించాడు. ఆఫీసుని మార్చే బదులు మీరు అది వాడుకోవచ్చు.

చెవులే_కళ్ళు
వాడతానండి, పెళ్ళి శుభలేఖకి సరిపోతుంది. పన్ను నోటీసు అంటే పట్టిక, డోర్ నంబరు 12-3-45/2 అని ఉంటే ఆ అడ్డగీత ఒకటి అయిపోతుంది, ఎడమ వరసలో పేరు ఒకరిది, కుడి వరసలో పన్ను ఇంకొకరిది కలిపి చదువుతుంది. మీ ఇంటి పన్ను మీకు తప్పు చెప్తే మీరూరుకుంటారా.

అమ్మలు_తణుకు
ఇప్పుడు అన్నీ వాట్సాప్‌లో ప్రభుత్వం పెట్టిన మన మిత్రలో వస్తున్నాయిగా, సైటు ఎవడిక్కావాలి అని మా ఆయన అంటున్నారు. నేను అన్నది కాదు.

చెవులే_కళ్ళు
మీ ఆయన్ని తిట్టలేను, నేనూ వాడతా. 2025 జనవరిలో 161 సేవలతో మొదలైంది, టాక్‌బ్యాక్‌కి వాట్సాప్ బాగా అలవాటు. కానీ బిల్లు కట్టడం వేరు, కౌన్సిల్ ఏం తీర్మానించిందో, మా వార్డులో ఏ పనికి ఎంత అనుకున్నారో తెలుసుకోవడం వేరు. ఆ కాగితాలుండేది ఊరి సైట్లోనే.

లంక_కుర్రోడు
పన్నులు సరే, వరదప్పుడు సంగతి ఎవరూ అనరే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, మా లంకల్లో పిల్లలకి ఎక్కాల కన్నా ముందు ఇవొస్తాయి. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళొచ్చినప్పుడు మాకు చేరిందేంటంటే ఒక ఫొటో. పునరావాస కేంద్రాలు, పడవలు ఎక్కడెక్కడున్నాయి, కంట్రోల్ రూం నంబర్లు మొత్తం అందులోనే, అదీ కాగితం వంకరగా పెట్టి తీసింది. సిగ్నల్ ఉండీ లేక సగం ఫొటో వచ్చి ఆగిపోయేది, ఆ సగంలో కలెక్టరేట్ లెటర్‌హెడ్ ఒక్కటే కనబడేది. మా పెదనాన్నకి చూపు బాగా తక్కువ, మెసేజ్ వస్తే ఫోన్ చేత చదివించుకుని మా అందరికీ ఆయనే చెప్పేవాడు. ఫొటోలు రావడం మొదలెట్టాక ఆయనకి ఏమీ రానట్టే. నాలుగు లైన్లు టైపు చేస్తే టూజీలో కూడా వచ్చేది కదా, మా అందరికీ వచ్చేది.

చెవిటి_మేళం
నాది ఇంకో వైపు. వరదప్పుడు ఆటోకి మైకు కట్టి దండోరా వేస్తారు, చూపు లేనోళ్ళకి అది పనికొస్తుంది, నాకు ఆటో వెళ్ళిందని కూడా తెలీదు. సైట్లో కంట్రోల్ రూం అంటే ఒక ఫోన్ నంబరు. చేసి ఏం వినాలి నేను? మెసేజ్ పెడితే జవాబిచ్చే నంబరు ఒక్కటి పక్కన రాస్తే అయిపోతుంది. కౌన్సిల్ సమావేశం వీడియోలు పెడతారు, కింద అక్షరాలు ఉండవు, సైన్ లాంగ్వేజ్ మనిషిని పెట్టండి అంటే ఎగాదిగా చూస్తారు. నా పేరు చూసి నవ్వుకోండి, నేనే పెట్టుకున్నా.

ఆయ్_బాబాయ్
కౌన్సిల్ సమావేశం వినబడకపోవడం మాత్రం మీ పూర్వజన్మ సుకృతం అన్నా.

చెవిటి_మేళం
మా వార్డు మెంబరు కునుకుతున్నాడని కనబడుతూనే ఉంది తమ్ముడూ, దానికి సబ్‌టైటిల్ అక్కర్లేదు. కానీ మంచినీళ్ళ పైపులైను మీద అరుచుకున్నారంట ఆ రోజు, అది కావాలి నాకు.

వార్డు_ఉద్యోగిని
లంక_కుర్రోడు రాసింది మా మేనేజరు గారికి చదివి వినిపించా. ఎవరు రాశారో చెప్పలేదు. వరద నోటీసులు, నీళ్ళ టైములు, ఈ రెండింటి వరకూ ఫైలు కూడా తెప్పిద్దాం అన్నారు, నోటి మాటే, ఆర్డరేం లేదు. అర్జీ ఒకటి కాగితం మీద వస్తే నాకు పట్టుకోడానికి ఉంటుంది.

చెవులే_కళ్ళు
ఇస్తున్నా. కోడుకూర గారు చెప్పినట్టు రెండుగా విడగొట్టా. మున్సిపాలిటీకి ఇచ్చేదాంట్లో నోటీసు స్కాన్‌తో పాటు యూనికోడ్ అక్షరాల్లో కూడా పెట్టాలి, కంట్రోల్ రూంకి మెసేజ్ నంబరు ఉండాలి, ఫొటోలకి ఒక లైను వివరం రాయాలి అని మాత్రమే. లేబుళ్ళు, క్యాప్చా, రంగులు, భాష సంగతి సైటు నడిపే పై ఆఫీసుకి, నకలు వికలాంగుల కమిషనరుకి. ప్లీడరు గారూ సెక్షన్లు మీరు చూసి పెట్టండి, జరిమానా ముక్క రెండోదాంట్లోనే వేద్దాం, మనవాళ్ళని ముందే బెదిరించడం నాకిష్టం లేదు.

ప్లీడరు_గారబ్బాయి
నాకైతే రెండిట్లోనూ వెయ్యాలనే ఉంది. మంచితనానికి మేనేజరు బదిలీ అయ్యేదాకానే గ్యారంటీ. సరే మీ ఇష్టం.

నాలుగుచక్రాలు
పై ఆఫీసు దాంట్లో ఓటీపీ టైము కూడా రాయండి. మా తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ, ఒక్క వేలితో కొడతాడు, ఆరు అంకెలూ కొట్టేలోపు గడువు అయిపోయింది మళ్ళీ మొదలెట్టు అంటుంది. టైము పెంచుకునే అవకాశం ఇవ్వాలని ఆ ప్రమాణాల్లోనే ఉంది.

చెవులే_కళ్ళు
రాశా. రెండూ ఇచ్చేశా, రసీదు తీసుకున్నా.

చెవులే_కళ్ళు
కబురు. నీళ్ళ టైముల నోటీసు నిన్న అక్షరాల్లో వచ్చింది, సోఫాలో కూర్చుని విన్నా. పట్టికే కాస్త తికమకగా ఉంది, "6, 7:30, 5, 6" అని అంకెలు వరసగా చదువుతుంది, ఏ వార్డుకి ఏది అనేది తెలీట్లేదు.

కోడుకూర
పట్టికలో పై వరస శీర్షిక అని గుర్తు పెట్టలేదు. వర్డ్‌లో ఆ వరస ఎంచుకుంటే హెడర్ రో అని ఉంటుంది. మేడమ్ మీకు స్క్రీన్‌షాట్ పంపుతా.

చెవులే_కళ్ళు
స్క్రీన్‌షాట్‌తో పాటు అక్షరాల్లో కూడా రాయండి సార్.

ఆయ్_బాబాయ్
పడింది కోడుకూరకి దెబ్బ.

వార్డు_ఉద్యోగిని
హెడర్ సంగతి చూస్తా. టెండరు నోటీసులు మాత్రం ఇంకా స్కానే, ఇంజినీరింగ్ సెక్షను వాళ్ళు ఫైలు ఇవ్వం అంటున్నారు.

ముందు_రోడ్డెయ్యండి
ఏ టెండర్లు, రోడ్లవేనా? మా వీధి పేరు కొట్టి ఆ సైట్లో వెతికితే ఎన్నిసార్లయినా ఏమీ రావట్లేదు, అసలు శాంక్షనే అవలేదేమో అనుకుంటున్నా.

కోడుకూర
అయ్యుండొచ్చు. ఫొటోలో ఉన్న పేరు వెతికితే దొరకదు, కళ్ళున్నా అంతే.

ముందు_రోడ్డెయ్యండి
ఆ సెక్షన్లో ఎవర్ని పట్టుకోవాలో చెప్పండి మేడమ్. సోమవారం గ్రీవెన్సుకి నేనూ వస్తా, ఆ అర్జీ కాపీ ఒకటి నాకూ పంపండి.

వార్డు_ఉద్యోగిని
పేరు ఇక్కడ రాయలేనండి. పదకొండు దాటాక రండి, అంతకు ముందొస్తే ఆ గదిలో ఫ్యాన్లే తిరుగుతుంటాయి.